ముఖం సరిపోలకపోతే తప్పెవరిది?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మా అమ్మకు ఎనభై మూడేళ్ళు. నాన్నగారు పోయిన తర్వాత కుటుంబ పింఛను తీసుకుంటూ చిక్కడపల్లిలో నా దగ్గరే ఉంటోంది. పింఛనుదారులు ఏటా నవంబరులో తాము బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలన్న సంగతి మీ పాఠకుల్లో చాలామందికి తెలిసిందే. ఫోనుకు ముఖం చూపించి ఆ సర్టిఫికెట్ ఇచ్చే వీలును కేంద్ర ప్రభుత్వం 2021 నవంబరులో కల్పించింది. వేలిముద్రలు అరిగిపోయిన వృద్ధులకు అది మేలైన ఏర్పాటేనని నేనూ నమ్మాను. మొన్న నవంబరులో అమ్మను దగ్గర్లోని ఒక సేవాకేంద్రానికి తీసుకువెళ్తే, అక్కడి కుర్రాడు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఫోను ఎత్తి పట్టుకుని, "అమ్మమ్మా, జర కండ్లు మూసి తెరువుండ్రి" అన్నాడు. శుక్లాలు తీయించుకున్న కళ్ళు ఆవిడవి. చెప్పినట్టే మూసి తెరిచింది. తెర మీది వలయం ఎర్రగానే ఉండిపోయింది. వెలుతురు వెనక నుంచి పడుతోందని కుర్చీ తిప్పాడు, కళ్ళజోడు తీయించాడు, కొంగుతో చెమట తుడుచుకోమన్నాడు. ఏడోసారీ సరిపోలలేదని వచ్చాక నావైపు తిరిగి, "ఆధార్‌ల ఫొటో పాతదయ్యుంటది మేడం, అప్‌డేట్ చేయించుకొని రండి" అన్నాడు. ఆ కుర్రాడిలో విసుగుగానీ అమర్యాదగానీ లేవు. యంత్రానికీ మనిషికీ పొంతన కుదరనప్పుడు సర్దుకోవలసింది మనిషేనన్న తీర్పు అతని నోట అంత సహజంగా రావడమే నన్ను ఈ లేఖ రాయడానికి పురికొల్పింది.

నేను ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. సంతకం సరిపోలకపోవడమన్నది మాకు రోజూ ఎదురయ్యే వ్యవహారం. చేతి వణుకు వచ్చిన ఖాతాదారు చెక్కు తెస్తే, నమూనా సంతకం కార్డు తీసి పక్కన పెట్టుకుని, ఆయనకు మంచినీళ్ళిచ్చి, మా ఎదుటే మళ్ళీ సంతకం పెట్టమనేవాళ్ళం. అప్పటికీ కుదరకపోతే సాక్షుల సమక్షంలో వేలిముద్ర తీసుకుని, కొత్త నమూనా నమోదు చేసేవాళ్ళం. చెక్కు తిప్పి పంపవలసి వస్తే దానికి కారణం మెమోలో రాసి, కింద మా పొట్టి సంతకం పెట్టేవాళ్ళం కాబట్టి, ఎవరు కాదన్నారో, ఎందుకు కాదన్నారో ఖాతాదారుకు తెలిసేది. ఇక దొంగ సంతకాన్ని అసలుదని పొరబడి డబ్బు చెల్లిస్తే ఆ నష్టం సాధారణంగా బ్యాంకే భరించాలి తప్ప ఖాతాదారు కాదు. మా జాగ్రత్తలో సగం ఆ భయం నుంచి పుట్టిందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ముఖాలను గుర్తించే ఈ కొత్త యంత్రాల విషయంలో ఆ భయం యంత్రాన్ని కొన్నవారికీ లేదు, అమ్మినవారికీ లేదు. పొరపాటు ఎటు జరిగినా దాని ఖరీదు కెమెరా ముందు నిలబడ్డవారే చెల్లిస్తున్నారు.

ఈ పొరపాట్లు అందరికీ ఒకేలా జరగవని తెలుసుకున్నాక నా ఆందోళన ఇంకా పెరిగింది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జాయ్ బులామ్‌వీనీ, ఆమెతో కలిసి పనిచేసిన టిమ్నిట్ గెబ్రూ 2018లో మూడు కంపెనీల ప్రోగ్రాములను పరీక్షించారు. ముఖం చూసి ఆడా మగా అన్నది చెప్పడం వాటి పని. తెల్లని మేనిఛాయ గల మగవారి విషయంలో తప్పులు ఎక్కడా 0.8 శాతం దాటలేదు. నల్లని మేనిఛాయ గల ఆడవారి విషయంలో ఒక ప్రోగ్రాములో తప్పులు 34.7 శాతం దాకా వెళ్ళాయి. మరుసటి సంవత్సరం డిసెంబరులో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 189 ప్రోగ్రాములను పరిశీలించి, ఒకరి ముఖాన్ని మరొకరిదిగా పొరబడే అవకాశం ఆసియా, ఆఫ్రికన్ అమెరికన్ ముఖాల విషయంలో తెల్లవారికంటే పది నుంచి వంద రెట్లు ఎక్కువగా ఉన్న ప్రోగ్రాములు చాలానే ఉన్నాయని తేల్చింది. ఆసియా దేశాల్లో తయారైన కొన్ని ప్రోగ్రాముల్లో మాత్రం ఆసియా వారి విషయంలో అంత తేడా కనబడలేదట. అంటే ఏ ముఖాలు చూపించి నేర్పితే యంత్రం ఆ ముఖాలనే బాగా గుర్తుపడుతుందన్నమాట.

కెమెరాకు ఈ పక్షపాతం కొత్తది కాదు. రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ఫొటో ల్యాబులకు పంపిన షర్లీ కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్లజాతి యువతి బొమ్మే ఉండేది. ఆమె ఒంటి రంగు సరిగ్గా వస్తే ఫొటోలో రంగులన్నీ సరిగ్గా వచ్చినట్టు లెక్క. మా పెళ్ళి ఆల్బమ్‌లో మా మేనత్తలందరి ముఖాలూ మసిబారి, పళ్ళు మాత్రమే మెరుస్తూ ఎందుకున్నాయో నాకు అరవై ఏళ్ళు దాటాక గాని బోధపడలేదు. ఇందులో మన వాటా లేదని కూడా అనలేను. బ్యాంకు కేవైసీ కోసం అమ్మకు పాస్‌పోర్టు సైజు ఫొటో తీయిస్తే, స్టూడియో అబ్బాయి అడగకుండానే మౌసు అటూ ఇటూ జరిపి ఆమెను ఐదు నిమిషాల్లో తెల్లగా మార్చేశాడు. చేతికి వచ్చిన ఫొటోను అమ్మ కాసేపు తేరిపార చూసి, "ఈవిడెవరే, మన చుట్టమా?" అంది. నలుపు నారాయణుడు మెచ్చు అని సామెత చెప్పుకుంటూనే, పెళ్ళి బయోడేటాలో చామనచాయ పిల్లను "ఫెయిర్" అని రాస్తాం. ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ఫెయిర్ అన్న మాట 2020లో పోయింది గానీ మన బయోడేటాల్లోంచి పోలేదు. అమ్మది నలుపు కాబట్టే ఫోను ఆమెను గుర్తుపట్టలేదని నేననడం లేదు. వెలుతురు కావచ్చు, వయసు కావచ్చు, నిజంగానే ఆధార్‌లోని పాత ఫొటో కావచ్చు. ఏది కారణమో చెప్పగలిగినవారు ఆ కేంద్రంలో ఎవరూ లేరన్నదే నా ఫిర్యాదు.

పింఛను ఆలస్యమైతే ఇబ్బందే గాని సర్దుకోవచ్చు. ఇదే యంత్రం పోలీసుల చేతికి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో డెట్రాయిట్ నగరంలో చూశాం. 2020 జనవరిలో రాబర్ట్ విలియమ్స్ అనే నల్లజాతీయుణ్ణి, గడియారాల దొంగతనం కేసులో, భార్యాబిడ్డల కళ్ళెదుటే అరెస్టు చేశారు. మసక వీడియోలోని దొంగ ముఖాన్ని కంప్యూటరు ఆయన పాత లైసెన్సు ఫొటోతో జతచేసింది. పోలీసులు చూపించిన ఆ బొమ్మను ఆయన తన ముఖం పక్కన పెట్టుకుని అది తాను కాదని చెప్పినా, దాదాపు ముప్పై గంటలు నిర్బంధంలో ఉండవలసి వచ్చింది. ముఖాన్ని పొరబడటం ఎంత దూరం పోతుందో మన నగరానికి వేరే చెప్పనక్కరలేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఒక ఇంజినీరును కాల్చి చంపినవాడు, తాను చంపింది ఇరానీయులనని తర్వాత చెప్పుకున్నాడు. ఆనాడు ఆ జాతివివక్షకు నిరసనగా కొవ్వొత్తులు పట్టుకుని నడిచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. మన రాష్ట్ర పోలీసులు 2018లోనే తమ టీఎస్‌కాప్ యాప్‌లో ముఖ గుర్తింపును చేర్చారు. 2020 జనవరిలో కొంపల్లి మున్సిపల్ ఎన్నికల్లో పది పోలింగ్ కేంద్రాల్లో ఓటర్ల మీద ఇదే పద్ధతిని ప్రయోగాత్మకంగా వాడి చూశారు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో, సీసీ కెమెరాల దృశ్యాలను ఒకేచోటి నుంచి చూసే పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. దర్పణ్ అనే ముఖ గుర్తింపు యాప్ సాయంతో తప్పిపోయిన పిల్లలను ఇళ్ళకు చేర్చిన మాట కూడా నిజమే, ఆ పనిని తక్కువ చేయను. అయితే ఒక మనిషి తానే వచ్చి తన ముఖాన్ని తన ఫొటోతో పోల్చమనడం ఒకటి. నిమజ్జనం రోజునో, రంజాన్ రాత్రి చార్మినార్ దగ్గరో గుమిగూడిన జనంలో ప్రతి ముఖాన్నీ ఒక జాబితాతో పోల్చడం మరొకటి. వేయింటికి ఒక్క తప్పే చేసే యంత్రమనుకుందాం. అలాంటి యంత్రం కూడా లక్షమందిని చూస్తే ఏ పాపమూ ఎరగని వందమందిని అనుమానితులుగా చూపిస్తుంది. ఆ వందమందిలో పాతబస్తీలో ఆటో నడిపేవాడూ, ఐటీ కంపెనీ బ్యాడ్జి మెడలో వేసుకున్నవాడూ ఉంటే పోలీసు ఎవరిని పక్కకు పిలుస్తాడో వేరే చెప్పాలా?

పోలిక ఎంత శాతం ఉంటే సరిపోలినట్టు అన్నది కూడా ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించే అంకె. తాము 80 శాతం పోలికను సరిపోలినట్టుగా పరిగణిస్తున్నామని ఢిల్లీ పోలీసులు 2022లో సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా చెప్పారు. మన దగ్గర లాక్‌డౌన్ రోజుల్లో రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని, పోలీసులు తన ఫొటో తీసుకున్నారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ హక్కును కాపాడడానికని 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టమేమో, దేశభద్రత, శాంతిభద్రతల వంటి కారణాల మీద ప్రభుత్వ సంస్థలకు మినహాయింపునిచ్చే అధికారాన్ని కేంద్రం చేతిలోనే పెట్టింది. 2023 డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఆ ఎన్నికల్లో మా వీధికి వచ్చి ప్రసంగించిన ఏ పార్టీ నాయకుడి నోటా ఈ మాట నేను వినలేదు.

ముఖాలు గుర్తించే యంత్రాలన్నింటినీ మూలపడేయమని నేను కోరడం లేదు. ప్రజల సొమ్ముతో ఇలాంటి యంత్రం కొనే ప్రతి శాఖా దాన్ని మన రాష్ట్ర ప్రజల మీద, ముఖ్యంగా వృద్ధుల మీద, ఎండలో పనిచేసే కూలీల మీద, బురఖా లేదా ముసుగు వేసుకునే స్త్రీల మీద ముందుగా పరీక్షించి, తప్పుల లెక్కను తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రకటించాలి. సరిపోలలేదని తిప్పి పంపేటప్పుడు కారణం రాసిన కాగితం, దాని కింద ఒక బాధ్యుడి సంతకం, అక్కడికక్కడే మరో పద్ధతిలో పని పూర్తిచేసుకునే వీలు ఉండాలి. పొరపాటున పక్కకు పిలిచిన మనిషికి నష్టపరిహారం చెల్లించే బాధ్యతను ఆ శాఖ మీద పెడితే, మా బ్యాంకు గుమాస్తాలకు వచ్చిన జాగ్రత్తే వారికీ వస్తుంది. ఇక జనసమూహాల్లో ముఖాలు వెతకడాన్ని, శాసనసభ చర్చించి ప్రత్యేక చట్టం చేసేదాకా ఆపాలి.

అమ్మ లైఫ్ సర్టిఫికెట్‌ను చివరికి బ్యాంకులో, పాత పద్ధతిలో, కాగితం మీదే ఇచ్చాం. కౌంటరులోని అమ్మాయి అమ్మను చూసి, పేరు అడిగి, సంతకం పెట్టించుకుని, ముద్ర వేసింది. మూడు నిమిషాలు పట్టింది. మీ పత్రిక విలేఖరులు సమాచార హక్కు చట్టం కింద రాష్ట్రంలోని శాఖలన్నింటినీ, ఎంత శాతం పోలికను సరిపోలినట్టు లెక్కిస్తున్నారో, ఇప్పటిదాకా ఎంతమందిని సరిపోలలేదని తిప్పి పంపారో అడిగి, వచ్చిన జవాబులను ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని,
చిక్కడపల్లి, హైదరాబాద్.