శీనుకి ఉత్తరం: అడ్వాన్స్ ఇచ్చే ముందు

ఒరేయ్ శీనూ,

అమ్మ గదిలో చెక్క ఫ్లోరింగ్ వేయిస్తున్నానని, ఫ్లోరింగ్ అతనికి అడ్వాన్స్ ఇవ్వబోతున్నానని అన్నావు కదా. ఫోన్‌లో సగం చెప్పి సగం మర్చిపోతానని రాస్తున్నాను. ఇదంతా చదివాకే డబ్బులియ్యి.

మొన్నటి వానల్లో మా బెడ్‌రూంలో లామినేట్ ఫ్లోరింగ్ కింద ఏం జరిగిందో నీకు పూర్తిగా తెలీదు. ముందు వాసన మొదలైంది. తడిసిన గోనెసంచి మూల పడేస్తే వస్తుందే, అలాంటి ముక్కిన వాసన. పొద్దున్నే తలుపు తీస్తే గుప్పుమనేది. బీరువా, పరుపు, కర్టెన్లు అన్నీ వెతికాం. పాపకి తుమ్ములు, దగ్గు. అమ్మమ్మ వాళ్ళింట్లో ఉంటే శుభ్రంగా ఉండేది, ఇక్కడికొచ్చిన రాత్రే మళ్ళీ మొదలు. నేల మీద చూద్దామంటే ఒక్క మచ్చ లేదు. బాత్రూం గోడ పక్కన మాత్రం రెండు పలకల అంచులు కాస్త లేచాయి, కాలు వేస్తే మెత్తగా దిగేవి.

కార్పెంటర్‌ని పిలిచి స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) ఊడదీయించి, గోడ వైపు నుంచి పలకలు లేపించాను. పైన నిగనిగలాడుతున్న పలకనే వెనక్కి తిప్పితే నల్లటి చుక్కలు, వాటి చుట్టూ బూడిద రంగు నూగు. కింద పరిచిన ఫోమ్ షీటు జిగురుగా చేతికి అంటుకుంది. అది ఎత్తితే సిమెంటంతా చెమ్మ. షవర్ దగ్గర టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ పోయి, నీళ్ళు గోడ అడుగు నుంచి ఇవతలికి వస్తున్నాయి.

లామినేట్ అంటే నిజం చెక్క కాదురా. చెక్క పీచుని జిగురుతో కలిపి గట్టిగా నొక్కిన బోర్డు. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఆరినా మళ్ళీ మామూలు కాదు. పైనేమో ప్లాస్టిక్ లాంటి పొర, కాబట్టి కిందకి చేరిన తడి పైకి ఆరిపోయే దారి లేదు. బూజుకి తడీ దొరికింది, తినడానికి పీచూ దొరికింది. తడిసిన వాటిని 24 నుంచి 48 గంటల్లో ఆరబెడితే చాలావరకు బూజు పట్టదంటారు. కనబడని చోట తడిస్తే ఎవరు ఆరబెడతారు?

ఫ్లోరింగ్ అతను బ్లీచింగ్ కొట్టి అవే పలకలు మళ్ళీ వేస్తానన్నాడు. కుదరదన్నాను. చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెప్పిస్తుంది, పైగా పీచులోకి దిగినదాన్ని కడగలేం. ఇంకోటి, బాత్రూం యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ ఎప్పుడూ కలపనివ్వకు, క్లోరిన్ వాయువు వస్తుంది. చాలామంది పనివాళ్ళకి ఇది తెలీదు.

పాపని ఊరు పంపి, ఆ గది తలుపు మూసి, ఏసీ ఆపి, కిటికీలో ఫ్యాను బయటికి తిప్పి పెట్టాం. ఎన్95 మాస్కులు, గ్లౌజులు వేసుకున్నాం. పొడి చీపురు ముట్టలేదు, ఊడిస్తే ఆ దుమ్ము ఇల్లంతా పాకుతుంది. తడిగుడ్డతో తుడిచి, పలకల్ని గదిలోనే సంచుల్లో కట్టి బయటికి మోయించాను. సిమెంటుని సబ్బునీళ్ళతో రుద్దించాం. కానీ అసలు పని బాత్రూంలోది, వాటర్‌ప్రూఫింగ్, గ్రౌటింగ్. నీళ్ళు రావడం ఆగకపోతే ఎన్నిసార్లు తుడిచినా వృథా. నేల పూర్తిగా ఆరేదాకా ఖాళీగా వదిలేసి, తర్వాత టైల్స్ వేయించాను.

ఇక మీ సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్ళు విజయవాడలో మీ సింగ్‌నగర్లో ఎన్నాళ్ళు నిలిచాయో నాకంటే నీకే బాగా తెలుసు. మీది గ్రౌండ్ ఫ్లోర్, గచ్చు కింద మట్టే. వరద పోయినా మట్టిలోని చెమ్మ గచ్చులోంచి పైకి ఎక్కుతూనే ఉంటుంది. మామూలుగా అది గాల్లో కలిసిపోతుంది కాబట్టి మనకి తెలీదు. దానిమీద ఫోమ్, లామినేట్ పరిస్తే అంతా కిందే ఉండిపోతుంది. అమ్మకి ఆయాసం ఉంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళల్లో ఉబ్బసం బాధలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. ఆ గదిలో ఆమె రోజంతా ఉంటుంది. నా టెన్షన్ అదే.

ఒక పని చెయ్యి. 18 అంగుళాల చదరం దళసరి ప్లాస్టిక్ షీటు తీసుకుని, గచ్చు మీద పరిచి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు అంటించు. కనీసం 16 గంటలు వదిలెయ్యి. తీసినప్పుడు షీటు అడుగున నీటి బొట్లున్నా, గచ్చు రంగు ముదిరినా చెక్క ఆలోచన మానెయ్. బాత్రూం గోడ పక్కనొకటి, గది మధ్యలో ఒకటి పెట్టు. మేలో పెట్టి పొడిగా ఉందని సంబరపడకు, వానల్లో మళ్ళీ చూడాలి.

చల్లటి నేల మీద అమ్మకి మోకాళ్ళు నొప్పని కదా ఇదంతా? కాలు జారని టైల్స్ వేయించి, మంచం పక్కన నూలు జంపఖానా పరుచు. వారానికోసారి ఎండలో వెయ్యొచ్చు. ఈలోపు బాత్రూం గ్రౌట్ ఒకసారి మేస్త్రీకి చూపించు. చెమ్మ ఎంతుందో చూపే మాయిశ్చర్ మీటర్ ఒకటి కొన్నాను, సోమవారం కొరియర్‌లో పంపుతున్నాను, గోడల అడుగున పెట్టి చూసి అంకెలు నాకు వాట్సాప్ చెయ్యి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రవి