పూల ప్రదర్శనల్లో ఇంట్లో పుట్టించిన మొక్కలకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మిద్దెతోటల మీద మీ పత్రికలో తరచూ వ్యాసాలు వస్తున్నాయి, బాగుంటున్నాయి కూడా. టమాటాలు, ఆకుకూరలు, కంపోస్టు, వేపనూనె అన్నీ రాస్తున్నారు. పూలమొక్కల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏ రకం తెచ్చుకోవాలి, తొట్టిలో మట్టి ఎంత, ఎరువు ఎంత అన్నదాంతోనే సరిపెడుతున్నారు. ఇంట్లో ఉన్న రెండు మొక్కల్ని సంకరం చేసి, అంటే ఒకదాని పుప్పొడిని ఇంకోదాని పువ్వుకు అద్ది, ఇంతవరకు ఎవరి దగ్గరా లేని పువ్వును మనమే పుట్టించొచ్చని ఎవరూ రాయడం లేదు. తిరుపతిలో ఈ పని ఇష్టంగా చేసేవాళ్లం ఉన్నాం. మా తరఫున ఒక సంగతి అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడిగేది పెద్దదేం కాదు. మన ఊళ్లలో పెట్టే పూల ప్రదర్శనల్లో, పోటీల్లో, ఇంట్లోనే సంకరం చేసి విత్తనం నుంచి పెంచిన మొక్కలకు విడిగా ఒక విభాగం పెట్టండి. పెద్ద గులాబీకి బహుమతి ఉంది, బోన్సాయ్‌కి ఉంది, తొట్ల అలంకరణకూ ఉంది. ఆమధ్య ఒక ప్రదర్శనకు మా మిద్దె మీద పుట్టిన మందారం తీసుకెళ్తే "రకం పేరేందమ్మా" అని అడిగారు. ఇంకా పేరు పెట్టలేదు సార్, దీని తల్లి ఫలానాది, తండ్రి ఫలానాది అని చెప్పాను. పేరు లేకుంటే ఫారంలో ఏం రాసుకోవాలమ్మా అని మొక్కను పక్కన పెట్టేశారు. వాళ్ల మీద నాకేం కోపం లేదు, ఫారంలో ఆ గడే లేదు మరి. ఆ గడి పెట్టమనే అడుగుతున్నా.

ఇదంతా ల్యాబుల్లో శాస్త్రవేత్తలు చేసే పని అని చాలామంది అనుకుంటారు. మందారంతో మొదలుపెట్టి చూడండి, ఎంత సులువో తెలుస్తుంది. పువ్వు మధ్యలోంచి బయటికొచ్చే పొడుగాటి కాడ చుట్టూ పసుప్పచ్చ పుప్పొడి ఉంటుంది, కాడ కొసన కుంకుమ బొట్టంత మెత్తటి తలలు ఐదు ఉంటాయి. తండ్రిగా అనుకున్న పువ్వును పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు తెంపుకొచ్చి, దాని పుప్పొడిని తల్లి పువ్వు కొసనున్న ఐదు తలలకూ మెల్లగా అద్దాలి. తల్లి పువ్వు సొంత పుప్పొడి దానికే అంటుతుందేమో అని అనుమానముంటే, ముందురోజు సాయంత్రం మొగ్గ విచ్చుకోకముందే రెక్కలు కొంచెం తప్పించి పుప్పొడి తిత్తుల్ని చిన్న కత్తెరతో తీసేయాలి. ఆ తర్వాత కాడకు దారం కట్టి, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ రాసిన చీటీ తగిలించాలి. పెన్సిల్‌తో రాయండి, పెన్ను ఇంకు ఒక్క వానకే చెరిగిపోతుంది.

మరుసటి రోజుకు పువ్వు వాడి రాలిపోతుంది, దానికి బెంగ అక్కర్లేదు, చూడాల్సింది కింద మిగిలిన పచ్చటి దొప్పని. కొన్ని రోజుల్లో అదీ పసుపురంగుకు తిరిగి ఊడిపోతే పట్టలేదన్నమాట. పచ్చగానే నిలిచి లోపలి బుడిపె లావెక్కుతుంటే పట్టింది. కాయ ముదరడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఎండి నోరు తెరిస్తే గింజలు నేలపాలవుతాయి కాబట్టి ముందే పల్చటి గుడ్డ సంచి కట్టుకోవాలి. గింజ పెంకు గట్టిది, గోళ్ల కత్తెరతో ఒక అంచున కొంచెం గిల్లి నాటితే తొందరగా మొలుస్తుంది. మొదటి పువ్వుకు ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఆగాలి. మన తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోకండి, ఎండ నలభై డిగ్రీలు దాటిందంటే పుప్పొడి చచ్చుబడుతుంది, పట్టిన కాయా నిలవదు. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక, మార్గశిరం నుంచి మాఘం దాకా మంచి అదను. పెరళ్లలో తాతలనాటి నుంచి ఉన్న ఎర్ర మందారానికి కాయ పట్టడం చాలా అరుదు, అందుకే మనవాళ్లు చాలామంది మందారం కాయను చూసే ఉండరు.

ఇందులో నన్ను కట్టిపడేసింది ఏంటంటే, ఒకే కాయలోని గింజలన్నీ వేసినా ఏ రెండు మొక్కలూ ఒకేలా పూయవు. మందారంలో వంశ లక్షణాలను మోసే క్రోమోజోములు మామూలుగా రెండేసి కాకుండా అంతకంటే ఎక్కువేసి ఉంటాయి, పైగా ఇప్పుడు దొరికే రకాలన్నీ ఎన్నో తరాల సంకరంలోంచి వచ్చినవే. పసుపుకీ ఎరుపుకీ కలిపితే నారింజ వస్తుందనే లెక్క ఇక్కడ పనిచేయదు. నచ్చిన మొక్క ఒకటి వస్తే దాని కొమ్మను అంటుకట్టినా, కటింగ్ పెట్టినా అచ్చం అదే పువ్వు వస్తుంది, గింజ వేస్తే మాత్రం రాదు. హైబ్రిడ్ బంతి పువ్వులోంచి గింజ తీసి మళ్లీ వేస్తే ఆ సైజు, ఆ రంగు రాలేదని కుప్పం, పలమనేరు వైపు రైతులు ఎందుకంటారో ఈ పని చేస్తే ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

ఇక కనకాంబరం. ఇది ఎక్కడినుంచో వచ్చింది కాదు, దీని పుట్టిల్లు దక్షిణ భారతం, శ్రీలంకలే. పూలంగడిలో మూరల లెక్కన కొంటాం గానీ దీనికి గింజ ఉంటుందని ఎంతమందికి తెలుసు? ఎండిన కంకి మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి కాసేపు దగ్గర కూర్చోండి, కాయలు టప్పుమని పేలి గింజలు అల్లంత దూరాన పడతాయి. ఒక్కో కాయలో నాలుగు గింజలే ఉంటాయి, సంచి కట్టకపోతే ఒక్కటీ చేతికి రాదు. సంకరం చేయాలంటే విచ్చుకోబోయే మొగ్గ పట్టుకుని రెక్కల గొట్టాన్ని నెమ్మదిగా పైకి లాగేయాలి. పుప్పొడి ఉండే కేసరాలు ఆ గొట్టం లోపలే అతుక్కుని ఉంటాయి కాబట్టి దాంతోపాటే వచ్చేస్తాయి, ఆడభాగమైన సన్నటి కాడ, కీలం, ఒక్కటే మిగులుతుంది. దాని కొసకు ఇంకో మొక్క పుప్పొడి అద్దాలి. పసుపు కనకాంబరం, నారింజ కనకాంబరం రెండూ ఇంట్లో ఉన్నవాళ్లు చేసి చూడొచ్చు. ఢిల్లీ కనకాంబరంతో మాత్రం ప్రయత్నించొద్దు, దానిలో క్రోమోజోములు మూడేసి ఉంటాయి గనక గింజ కట్టదు, కొమ్మ కటింగులతోనే పెంచుకోవాలి.

ఇది పనిలేనివాళ్ల సరదా అనేవాళ్లకు ఇద్దరి పేర్లు చెబుతాను. 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి (ఐసీఏఆర్‌కు) మొదటి డైరెక్టర్ జనరల్ అయిన బి.పి.పాల్ గోధుమల శాస్త్రవేత్త, అంత పనిలోనూ గులాబీలు సంకరం చేసి కొత్త రకాలు ఇచ్చారు. మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఐఏఎస్‌గా పనిచేసిన ఎం.ఎస్.వీరరాఘవన్ గారు కొడైకెనాల్‌లో స్థిరపడి, చలిదేశాల గులాబీలు మన ఎండకు తట్టుకోవడం లేదని, మన దేశపు అడవి గులాబీ రోజా క్లైనోఫిల్లాతో సంకరం చేసి వేడికి ఆగే రకాలు పుట్టించారు. ఆయన పుట్టించిన గులాబీల్లో ఒకదానికి వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ పేరు పెట్టారు.

పోటీకి కూడా మన ఎండకు తట్టుకోవడమన్న ఇదే కొలమానం పెట్టాలని నా కోరిక. కొత్తది కదా అని బహుమతి ఇవ్వొద్దు. గింజల నుంచి వచ్చేవాటిలో ఎక్కువ భాగం సాదాసీదావే, ఆ మాట దాచాల్సిన పనిలేదు. మే నెల ఎండలో మొగ్గ రాల్చకుండా పూసే మొక్కకు, పిండినల్లికి లొంగని మొక్కకు, పువ్వు కాస్త చిన్నదైనా సరే పెద్దపీట వేయండి. మన తిరుపతికి కావాల్సింది అలాంటి మొక్కే. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, గింజ ఎప్పుడు వేశారు, ఎప్పుడు పూసింది అన్న వివరాలు ఫారంలో అడిగితే నర్సరీలో కొన్న మొక్కను తెచ్చి నాదే అనేవాళ్లను కూడా కొంతవరకు ఆపొచ్చు. జడ్జీలకు కొరతేం లేదు, 1961 నుంచి ఎస్వీ వ్యవసాయ కళాశాల మన ఊళ్లోనే ఉంది.

నర్సరీల వాళ్లకూ ఒక మాట. ప్రతి మొక్కనూ హైబ్రిడ్ మందారం, పుణె మందారం అని అమ్మేస్తే మేం వంశం ఎలా రాసుకోవాలి? తెచ్చిన చోట పేరు కనుక్కుని ట్యాగు మీద రాయండి, మరో పది రూపాయలు ఎక్కువైనా కొంటాం. రిజిస్టరైన రకాన్ని సంకరానికి వాడితే కేసవుతుందేమో అని ఒకరిద్దరు నన్ను అడిగారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రయోగాలకూ కొత్త రకం పుట్టించడానికీ వాటిని వాడుకోనిస్తుంది, టెన్షన్ పడొద్దు. అడవి మొక్కల కోసం శేషాచలం లోపలికి పోవడం మాత్రం వద్దే వద్దు, అది బయోస్ఫియర్ రిజర్వు, మనకు కావాల్సినవన్నీ ఊళ్లోనే ఉన్నాయి.

రామానుజుల వారి మాట మీద అనంతాళ్వారు పూలతోట పెంచిన కొండ కింద ఉన్నాం. బ్రహ్మోత్సవాలప్పుడు టీటీడీ ఉద్యానవన విభాగం తిరుమలలో పెట్టే పుష్ప ప్రదర్శనను ఎన్ని వేలమంది చూస్తారో మీకు తెలియనిది కాదు. అక్కడ భక్తుల ఇళ్లలో పుట్టిన పూలమొక్కలకు ఒక్క బల్ల వేసినా ఎంతమంది ఇంటికెళ్లి ప్రయత్నిస్తారో ఆలోచించండి. ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. ఆదివారం పేజీలో వారానికొక ఇంటి సంకరం పువ్వు ఫొటో, కింద దాని తల్లిదండ్రుల పేర్లు వేయండి. మొదటి వారానికి నా మందారం ఫొటో ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎం.ఆర్.పల్లి, తిరుపతి