ఉత్ప్రేరకాల కొలతకు వేగమొక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి తీవ్రమైన ఎక్స్-రేలు పుట్టించే యంత్రం) కంటే ప్రకాశవంతమైన ఎక్స్-రే వనరు కావాలన్న చర్చ సాగుతున్న ఈ సమయంలో, ఉత్ప్రేరకాలపై, అంటే రసాయన చర్యలను వేగవంతం చేసే పదార్థాలపై, పనిచేసే వారి తరఫున ఒక విషయం మీ పాఠకుల ముందుంచుతున్నాను.

ఉత్ప్రేరకం వేడిలో, వాయుప్రవాహంలో పనిచేస్తుండగానే అందులోని లోహ పరమాణువుల ఆక్సీకరణ స్థితినీ, వాటి చుట్టూ ఉన్న పరమాణువులనూ ఎక్స్-రే శోషణ ద్వారా తెలుసుకోవచ్చు. ఎక్స్-రే శక్తిని ఎంచే సిలికాన్ స్ఫటికాన్ని వేగంగా ఊగించి, ఏ శక్తి వద్ద ఎంత శోషణ జరిగిందో చూపే వర్ణపటాలను సెకనుకు పదుల కొద్దీ తీసే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. అయితే కిరణం దారిలో ఉన్న ఆ లోహ పరమాణువులన్నింటి సగటే మనకు కనిపిస్తుంది. పల్లకీ వెంట వందమంది నడుస్తుంటే బరువు ఎవరి భుజాన ఉందో దూరం నుంచి తెలియనట్లే, చర్యలో పాల్గొన్న పరమాణువులేవో, ఊరకే మారినవేవో ఆ సగటు చెప్పదు.

ఇందుకు స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ సంస్థ పరిశోధకులు 2015లో ప్రచురించిన పని మంచి ఉదాహరణ. ప్లాటినం, సీరియం ఆక్సైడ్‌లతో చేసిన ఉత్ప్రేరకంపై కార్బన్ మోనాక్సైడ్ ఆక్సీకరణను పరిశీలించి, అక్కడ కనిపించే మూడు ధనావేశాల సీరియంలో కొంత భాగమే చర్యలో పాల్గొంటుందని, మిగతాది ప్రేక్షక పాత్రలోనే ఉంటుందని వారు చూపారు. సీరియం మారే తొలి వేగాన్ని చర్య వేగంతో పోల్చకుండా ఈ తేడాను పట్టుకోలేం.

కనుక మెరుగుదల ముందుగా వాయువు నడిచే సెల్‌లో, అంటే ఉత్ప్రేరకాన్ని ఉంచే చిన్న పాత్రలో, జరగాలి. సెల్‌లోని పాత వాయువు పోయి కొత్తది నిండడానికి కొన్ని సెకన్లు పడితే, సెకనులో వందో వంతులో తీసిన వర్ణపటం కూడా చర్య వేగాన్ని కాక వాయువు నిండే వేగాన్నే చూపిస్తుంది. వృథా ఖాళీ లేని సన్నని గొట్టపు సెల్, దానికి ఆనుకునే ఉండే వేగవంతమైన కవాటం, బయటికొచ్చే వాయువును అప్పటికప్పుడే కొలిచే ద్రవ్యరాశి వర్ణపటమాపకం ఉండాలి. వాయువును నిర్ణీత వ్యవధిలో పదేపదే మార్చి, ఆ లయలోనే మారే సంకేతాన్ని విడదీస్తే మారని పరమాణువుల వాటా తొలగిపోతుంది. వంద ఆవృత్తుల సగటుతో యాదృచ్ఛిక రొద పదో వంతుకు తగ్గుతుంది. ఈలోగా ఉత్ప్రేరకం నీరసిస్తే సగటు దాన్ని కప్పిపుచ్చుతుంది కాబట్టి తొలి ఆవృత్తులను విడిగా భద్రపరచడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

కొత్త ఎక్స్-రే కేంద్రానికి నిధులు కేటాయించేటప్పుడు ఈ సెల్‌లకూ, వాటిని తయారుచేసే వర్క్‌షాపులకూ ప్రత్యేకంగా వాటా ఉంచాలనీ, ఇలాంటి కొలతలకు కిరణ సమయం (అక్కడి ఎక్స్-రే కిరణాన్ని వాడుకునే సమయం) కోరేవారిని తమ సెల్‌లో వాయువు మారడానికి పట్టే సమయాన్ని కొలిచి చూపమని అడగాలనీ సంబంధిత అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు, హైదరాబాద్