అందరూ మనలాంటి వాళ్ళే ఉండాలా?

సంపాదకుడి గారికి,

కొత్త ఇళ్ళ ప్రకటనల్లో ఈమధ్య జిమ్ము, ఈత కొలనుతో పాటు ఇంకో సదుపాయం కూడా అమ్ముతున్నారు, ‘మీలాంటి ఆలోచనలున్న ఇరుగుపొరుగు’ అని. రోజూ వాదనకు దిగే పొరుగు ఎవరికి కావాలి, నిజమే. కానీ ఇది అంత తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు.

ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1971లో గళ్ళ బోర్డు మీద రెండు రకాల బిళ్ళలతో ఒక నమూనా చూపించాడు. చుట్టుపక్కల మూడో వంతు తన రకం ఉంటే చాలు, అంతకంటే తగ్గితేనే బిళ్ళ ఇంకో గడికి జరగాలి. అంటే ఎవరికీ ఎవరి మీదా ద్వేషం లేదు, ఎక్కువమంది అవతలి రకమైనా సర్దుకుపోతారు. అయినా కాసేపటికి బోర్డు మీద ఇటొక గుంపు, అటొక గుంపు! మనమేమో మూడో వంతుతో ఎక్కడ ఆగుతున్నాం?

విడిపోయాక జరిగేది ఇంకో తంతు. 2005లో అమెరికాలో ఉదారవాదులు ఎక్కువగా ఉండే బోల్డర్ వాళ్ళని, సంప్రదాయవాదులు ఎక్కువగా ఉండే కొలరాడో స్ప్రింగ్స్ వాళ్ళని వేరువేరుగా కూర్చోబెట్టి వాతావరణ మార్పు లాంటి విషయాలు మాట్లాడుకోమన్నారు. మాటలయ్యాక రెండుచోట్లా అభిప్రాయాలు ఇంకా ముదిరాయి, అంతకుముందు లోపల్లోపల ఉన్న కాస్త తేడా కూడా తగ్గిపోయింది.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ ఇదే చూస్తున్నాను. ఒకాయన రాజకీయ మెసేజ్ పెడితే వరసగా బొటనవేళ్ళు. ఒకావిడ ‘దీనికి రెండో వైపు కూడా ఉంది కదండీ’ అని రాసింది. ఎవరూ తిట్టలేదు, అసలు ఎవరూ పలకలేదు, చివరికి ఎవరో ట్యాంకు కడిగించే సంగతి ఎత్తారు. ఆవిడ ఇప్పుడు మోటారు పాడైతే తప్ప గ్రూపులో మాట్లాడదు.

పక్కపక్కన ఉంటే చాలు, ప్రేమ పుట్టుకొస్తుందని నేననను. వైవిధ్యం ఎక్కువున్న చోట జనం ఒకరినొకరు తక్కువ నమ్ముతున్నారని, కనీసం మొదట్లో అంతేనని అమెరికా రాజకీయ శాస్త్రవేత్త రాబర్ట్ పుట్నమ్ 2007లో తేల్చాడు. నమ్మకం రావాలంటే లిఫ్టు రిపేరో, చెత్త గొడవో కలిసి తేల్చుకోవాలి, దానికి టైము పడుతుంది. ఒకే జాతి వాళ్ళు ఒకేచోట గుమిగూడకుండా సింగపూర్ 1989 నుంచి ప్రభుత్వ గృహాల్లో ప్రతి బ్లాకుకీ జాతుల వారీగా పరిమితి పెట్టింది. అక్కడ కూడా చిక్కుంది, మిగతా జాతుల కోటా నిండిపోయిన బ్లాకులో మైనారిటీల వాళ్ళు ఇల్లు అమ్ముకోబోతే కొనేవాళ్ళు తక్కువ దొరుకుతారు. అంత కఠినమైన కోటా నేను అడగట్లేదు.

ఒకే సైజు ఫ్లాట్లు కడితే ఒకే ఆదాయం, ఇంచుమించు ఒకే వయసు వాళ్ళు వస్తారు, సగం వేరుపడటం ప్లానులోనే అయిపోతుంది. కాబట్టి పెద్ద ప్రాజెక్టులకు అనుమతి ఇచ్చేటప్పుడే చిన్నవీ పెద్దవీ, అద్దెవీ సొంతవీ కలిపి కట్టమనాలి. ఇంకొకటి, అద్దెకు వచ్చేవాళ్ళని ‘మీరు ఎలాంటి వాళ్ళు’ అని అసోసియేషన్లు వడపోయడం ఆపాలి. అద్దె కడతాడా, ఇల్లు సరిగ్గా చూసుకుంటాడా అన్నది ఓనరు చూసుకుంటాడు, మిగతాది కమిటీకి అనవసరం.

ఇట్లు,
ఒక పాఠకుడు