హూణులా, మగ్యార్లా: హంగరీలోని దెబ్రెత్సెన్‌లో చదువుతున్న అమ్మాయికి నాన్న ఉత్తరం

తెనాలి

చిరంజీవి సుమకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నీ ఫీజు రసీదు అందింది, ఆ టెన్షన్ తీరింది.

మొన్న ఫోన్లో అడిగావు కదా, మీ క్లాసులో అట్టిలా అనే కుర్రాడు ‘మేం హూణుల సంతతి’ అంటున్నాడనీ, పక్కనున్న అమ్మాయి అదంతా కట్టుకథని కొట్టిపారేసిందనీ. ఎవరిది నిజం అన్నావు. అది ఫోన్లో తేలే విషయం కాదు. పైగా సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి అడిగావు, ఇక ఊరుకుంటానా?

ముందు పేరు సంగతి. హంగరీ అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు. వాళ్లు తమను మగ్యార్లమనే చెప్పుకుంటారు. బర్మాకు ఓడెక్కిన మనవాళ్లను అక్కడ కోరంగి రేవు పేరుతో కోరంగీలని పిలిచినట్టే ఇదీను. జర్మన్లు ఉంగర్న్ అంటారు, పోలండువాళ్లు వెంగ్రి అంటారు. చూశావా, వాటిలో ‘హ’ లేదు. ఎక్కువమంది పండితులు ఈ పేరును ఒనొగుర్ అనే టర్కిక్ తెగల కూటమికి ముడిపెడతారు. ‘ఒన్’ అంటే పది, అంటే పది తెగలవాళ్లని. నల్లసముద్రానికి ఉత్తరాన ఆ కూటమి తిరిగిన గడ్డిమైదానాల్లోనే తర్వాత మగ్యార్లు గుర్రాలు మేపారు. పాత పేరే ఇరుగుపొరుగు నోట కొత్తవాళ్లకూ అంటుకుంది. లాటిన్‌లో రాసేవాళ్లు హూణులను మనసులో పెట్టుకుని ముందు ఒక ‘హ’ తగిలించారు. బైజాంటైన్ చక్రవర్తి ఏడో కాన్‌స్టాంటైన్ అయితే 950 ప్రాంతంలో వీళ్లను ఏకంగా టర్కులనేశాడు. కానీ వాళ్ల ఏడు తెగల పేర్లూ రాసిపెట్టాడు. అందులో ఒకటి మెగ్యెర్. మగ్యార్ అదే.

హూణుల రాజు అట్టిలా చనిపోయింది 453లో. తమ నాయకుడు అర్పాద్ వెంట మగ్యార్లు కార్పాతియన్ కొండలు దాటి మీరిప్పుడున్న మైదానంలో దిగింది 895 ప్రాంతంలో. మధ్యలో నాలుగు శతాబ్దాల పైచిలుకు ఖాళీ ఉంది. దాన్ని కథతో పూడ్చినవాడు 1280లలో రాజు కొలువులో ఉన్న కేజై షిమోన్ అనే మతగురువు. హునోర్, మగోర్ అనే అన్నదమ్ములు వేటలో ఒక లేడి వెంటపడి కొత్త దేశం చేరారట. ఒకడి సంతతి హూణులు, ఇంకొకడి సంతతి మగ్యార్లు. రాజుగారికి అట్టిలా అంతటి తాత దొరికితే చేదా? నీ స్నేహితుడు చెప్పేది ఆ కథే. వాదన పెట్టుకోకు, ఆ కథను వాళ్లు ఏడువందల ఏళ్లుగా చెప్పుకుంటున్నారు.

భాష మాత్రం వేరే దారి చూపిస్తుంది. 1769లో శాయ్‌నొవిచ్ యానోష్ అనే జెస్యూట్ ఫాదిరీ శుక్రగ్రహం సూర్యుడి మీదుగా దాటడాన్ని చూడ్డానికి నార్వే ఉత్తరపు కొసన ఉన్న వార్డో దీవికి వెళ్లాడు. అక్కడి సామీ తెగవాళ్ల మాటలు విని, ఇవి మా భాషకు చుట్టాల్లా ఉన్నాయే అనుకున్నాడు. మరుసటి ఏడు పుస్తకం వేశాడు. స్వదేశంలో పెద్దమనుషులు మండిపడ్డారు. గుర్రాల మీద యూరప్‌ను వణికించిన తమకు ‘చేపల కంపు కొట్టే చుట్టరికం’ అంటగడతావా అని! కానీ లెక్క కుదురుతోంది. చేపకు ఫిన్లండులో ‘కలా’, హంగేరియన్‌లో ‘హల్’. మూడుకు అక్కడ ‘కొల్మె’, ఇక్కడ ‘హారొమ్’. వాళ్ల ‘క’ ఉన్నచోట వీళ్లది ‘హ’. ఒక్క మాట కలిస్తే యాదృచ్ఛికం అనొచ్చు, మాట వెంట మాట ఇలా వరస తప్పకుండా కలిస్తే అనలేం. అందరికంటే దగ్గరి చుట్టాలు సైబీరియాలో ఓబ్ నది పొడుగునా ఉన్న మాన్సీలు, ఖాంతీలు. మాన్సీలో చేప ‘హూల్’. ఇక హంగేరియన్‌లో ఆపిల్‌కు ‘అల్మా’, దూడకు ‘బోర్యు’ లాంటివి టర్కిక్ తెగలతో కలిసి బతికిన కాలంలో వచ్చినవి. నువ్వు కొట్లో రోజూ అనే ‘సాజ్’, అదే వంద, మన శతానికి చుట్టమే. ఇరానీ, ఆర్య భాషల పాత రూపం నుంచి ఎప్పుడో తీసుకున్నారు.

ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన మనిషి జూలియన్. తూర్పున ఉండిపోయిన తమవాళ్లను వెతకమని 1235లో నలుగురు డొమినికన్ సన్యాసులను పంపారు. ఇద్దరు దారిలోనే వెనక్కొచ్చేశారు, ఒకాయన పోయాడు. జూలియన్ ఒక్కడే వోల్గా దాకా చేరాడు. అక్కడ ఒక ఊళ్లో హంగేరియన్ మాట్లాడే ఆవిడ కనబడి, తనవాళ్లుండే చోటు రెండు రోజుల దారి అని చెప్పింది. వెళ్తే నిజంగానే ఉన్నారు! ఇంటింటికీ తిప్పుకుని, మీ రాజెవరు, మా చుట్టాలు ఎలా ఉన్నారు అని అడిగారట. విడిపోయి మూడు వందల ఏళ్లు దాటినా మాట అర్థమైంది. ఆ సంతోషం నిలవలేదు. 1237లో మళ్లీ బయల్దేరేసరికి మంగోలులు ఆ నేలను తుడిచిపెట్టేశారు. 1241లో మోహి దగ్గర ఇటు హంగరీ సేనకూ అదే గతి పట్టింది.

ఇంకొకాయన ఇదే వెతుకులాటలో మన దేశానికి వచ్చాడు. కొరొషి చోమా షాండోర్, వాళ్ల పద్ధతిలో మనలాగే ఇంటిపేరు ముందు. 1819లో ట్రాన్సిల్వేనియా నుంచి బయల్దేరి లద్దాఖ్ చేరాడు. జన్‌స్కార్ మఠంలో చలిగదిలో కూర్చుని టిబెటన్ నేర్చుకున్నాడు. మగ్యార్ల పుట్టిల్లు మాత్రం దొరకలేదు. 1834లో కలకత్తాలో టిబెటన్–ఇంగ్లీష్ నిఘంటువు, వ్యాకరణం అచ్చయ్యాయి. లాసాకు బయల్దేరి దారిలో మలేరియాతో 1842 ఏప్రిల్ 11న డార్జిలింగ్‌లో పోయాడు. సమాధి అక్కడే ఉంది.

రక్తం సంగతంటావా, అర్పాద్ కాలపు సమాధుల డీఎన్‌ఏలో తూర్పు, సైబీరియా ఛాయలు బాగానే కనిపించాయి. ఈనాటి హంగేరియన్లు మాత్రం చాలావరకు ఇరుగుపొరుగు దేశాలవాళ్లలాగే ఉన్నారు. వచ్చినవాళ్లు కొద్దిమంది, అక్కడున్నవాళ్లు ఎక్కువమంది. భాష మాత్రం వచ్చినవాళ్లదే నిలిచింది.

అట్టిలాను ఒకటి అడిగి రాయి. ఆ లేడి కథ అతనికి ఇంట్లో చెప్పారా, స్కూల్లో చెప్పారా? చలి ముదరకముందే మంచి కోటు ఒకటి కొనుక్కో. డబ్బులు శుక్రవారం వేస్తాను.

ఆశీస్సులతో,
మీ నాన్న