ఆ పాట పంపింది నేనే

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన సంగతి ఇంకా నా బుర్రలోనే తిరుగుతోంది. మీ ఆఫీసులో ఒక హత్య కేసు మీద వెబ్ సిరీస్ రాస్తున్నారని, మొదటి ఎపిసోడ్ నీ చేతికే ఇచ్చారని ఎంతో సంబరంగా చెప్పావు. నేను "మంచిది బిడ్డా" అని ఫోన్ పెట్టేశాను. మీ అమ్మ ఊరుకుంటుందా, "పిల్ల అంత సంతోషంగా చెప్తే అనేది అంతేనా" అని కసిరింది. సంతోషం లేక కాదు. నాకు 2020 గుర్తొచ్చింది. ఫోన్‌లో అయితే తడబడతాను, అందుకే రాస్తున్నాను.

లాక్‌డౌన్ అప్పుడు నువ్వు ఇంట్లోనే ఉన్నావు. జూన్‌లో ఫాదర్స్ డే నాడు రాంగోపాల్ వర్మ 'మర్డర్' సినిమా పోస్టర్ వదిలాడు. మన పక్కనే మిర్యాలగూడలో జరిగిన ప్రణయ్ హత్య మీద. ఆ వెనకే పాట వచ్చింది, పిల్లల్ని ప్రేమించడం తప్పా అని తండ్రి అడిగే పాట. షాపులో కూర్చుని విన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. మీ చిన్నాన్న దండాల బొమ్మలు పెట్టాడు, మీ మేనత్త ఏడుపు బొమ్మలు పెట్టింది. నువ్వు పది నిమిషాలకు గ్రూప్ నుంచి లెఫ్ట్ అయ్యావు. రాత్రి అన్నం దగ్గర ఒకటే మాట అడిగావు. "నాన్నా, ఆ పాటలో నువ్వెవరు?"

నేను పెరుగన్నం కలుపుకుంటూ తల వంచుకున్నాను. ఆ జవాబు ఇన్నేళ్లుగా నీకు బాకీ.

అసలు సంగతి అంతకు రెండేళ్ల ముందుది. 2018 సెప్టెంబర్ 14, వినాయక చవితి మర్నాడు. సాయంత్రానికల్లా ఆ సీసీ కెమెరా వీడియో అందరి ఫోన్లలోకి వచ్చేసింది. యూరియా కోసం వచ్చిన నలుగురైదుగురు రైతులు, మన షాపు కుర్రాడు, నేను, ఒకే ఫోన్ మీదికి వంగి చూశాం. ఆసుపత్రి దగ్గర ముగ్గురు బయటికి నడిచొస్తున్నారు. కడుపుతో ఉన్న ఆ అమ్మాయి, ఆమె భర్త, అతని తల్లి. వెనక నుంచి కత్తితో ఒకడు. మొత్తం కొన్ని సెకన్లు. మేం దాన్ని రెండోసారి కూడా వేసుకుని చూశాం బిడ్డా, అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆ తర్వాత షాపులో మాటలు ఎటు పోయాయో నాకు బాగా గుర్తు. అల్లుణ్ని చంపించడానికి ఆ అమ్మాయి తండ్రే కోటి రూపాయల సుపారీ మాట్లాడాడని పోలీసులు చెప్పారు, కొన్నాళ్లు ఆ లెక్కలే మాట్లాడుకున్నారు. "ఒక్కగానొక్క కూతురు, ఎంత గారాబంగా పెంచుకున్నాడో" అని ఒకాయన అన్నాడు. మిగతావాళ్లం తలలూపాం. చచ్చిపోయిన ఆ కుర్రాడు ఎవరు, ఏం చదువుకున్నాడు, వాళ్లమ్మ ఆ రాత్రి ఎక్కడుంది అని ఒక్కరు అడగలేదు. నేనూ అడగలేదు.

సినిమా ఏం చేసిందంటావా? మా షాపులో కూర్చుని అనుకున్న ఆ మాటలకే ట్యూన్ కట్టింది.

సినిమా గురించి వర్మ మొదట పెట్టిన ట్వీట్‌ను ఈ మధ్య మళ్లీ చదివాను. కూతుర్ని అతిగా ప్రేమించడం వల్ల వచ్చే ప్రమాదాల కథ అని ఉంది. తండ్రి పేరుంది, కూతురి పేరుంది. ఆ వాక్యంలో చచ్చిపోయిన కుర్రాడి పేరే లేదు. పోలీసులు మొదటి నిందితుడిగా చూపించిన ఆ తండ్రి అప్పటికి మూడు నెలల కింద, మార్చిలో, హైదరాబాద్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. జనం మనసు అప్పటికే ఆయన వైపు ఒరిగి ఉంది. దాన్ని ఇంకాస్త ఒరిగించడం తేలికే కదా.

ప్రణయ్ కుటుంబం కోర్టుకెక్కింది. ఆగస్టులో నల్గొండ కోర్టు సినిమా ఆపింది. నవంబర్‌లో హైకోర్టు, అసలు పేర్లు వాడొద్దని చెప్పి, వదిలింది. డిసెంబర్‌లో విడుదలైంది. పేర్లు తీసేస్తే మంచిదే కదా అని అప్పుడనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, పేరు తీసేయడం తీసేవాడికే సౌకర్యం. చూసేవాడు అసలు మనుషుల్నే చూస్తాడు. ఎవరైనా నిలదీస్తే తీసినవాడు ఇది కల్పితం అంటాడు. అబద్ధం ఉందని చూపించడానికి కూడా ఆ కుర్రాడి తల్లికి ఒక పేరు దొరకదు.

ఇంకొకటి, 'అతిప్రేమ' అన్న మాట. అంత మెత్తని మాట పడ్డాక కులం అన్న మాట నోటికి రావాల్సిన పనే లేదు. ఆ కుర్రాడు దళితుడు కాకపోతే ఆ సుపారీ ఉండేదా? 2025 మార్చి 10న తీర్పు వచ్చింది కదా, ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. తీర్పిచ్చింది ఎస్సీ, ఎస్టీ కేసులు చూసే కోర్టు. నేను విన్న పాటలో ఆ కులం ముక్క ఎక్కడా లేదు.

నువ్వు వెంటనే 'జై భీమ్' పేరు చెప్తావని తెలుసు. దాన్ని అందరం కలిసి చూశాం, మీ అమ్మ రెండుసార్లు ఏడ్చింది. మంచి సినిమానే, కాదనను. తర్వాత హైకోర్టు జడ్జి అయిన చంద్రు గారు లాయరుగా ఉన్నప్పుడు వాదించిన, 1993లో తమిళనాడులో కడలూరు వైపు జరిగిన లాకప్ చావు కేసు అది. కానీ చనిపోయిన రాజకన్ను కురవర్ల మనిషి. సినిమాలో వాళ్లను ఇరులర్లనే వేరే తెగవాళ్లుగా చేశారు. ఇరులర్ల బాధలూ నిజమే అనుకో. అయితే కురవర్లంటే మన ఎరుకలవాళ్లకు దగ్గరివాళ్లు, బ్రిటిషోళ్లు నేరస్తుల జాతి అని ముద్రేసిన వాళ్లు. దొంగతనం పేరు చెప్పి పోలీసులు ఎత్తుకెళ్లిన మనిషి విషయంలో ఆ ముద్ర చిన్న సంగతా? తెగ పేరు మారిస్తే అతన్నే ఎందుకు పట్టుకున్నారన్న దాంట్లో సగం జవాబు పోతుంది. మంచి మనసుతో తీసినా అలా జారిపోతుంది. మీకు రాసేటప్పుడు కథకు వీలుగా ఉంటుందని ఇలాంటివి ఎన్ని మార్చాలనిపిస్తాయో నాకు తెలియదు, అది నీ పని.

నేను అడిగేది ఒకటే. నీ ఎపిసోడ్‌లో ఆ చనిపోయిన మనిషి ఎన్ని నిమిషాలు బతికుంటాడు? మిర్యాలగూడ జంట పెళ్లి తర్వాత తీయించుకున్న వీడియో అప్పట్లో ఫేస్‌బుక్‌లో తిరిగింది. గారాబం గురించి అంత మాట్లాడిన నేను అది అప్పుడు చూడనే లేదు. ఈ మధ్య చూశాను. నవ్వుతున్నాడు బిడ్డా, కోటు వేసుకుని. చూడగానే వీడికి ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి, మన చిన్నోడి వయసు అనిపించింది. ఆసుపత్రి వీడియో రెండుసార్లు చూసినా అలా అనిపించలేదు.

ఇక నువ్వడిగినదానికి జవాబు. ఆ పాటలో నేను ఆ తండ్రినే. నీ క్లాస్‌మేట్ సంగతి మీ అమ్మ నాకు ఆ నెలలోనే చెప్పింది. కోప్పడలేదు, నిన్ను పిలిచి అడగలేదు. పాట పంపాను. దాన్ని ప్రేమే అనుకున్నాను. ఆ కేసు సంగతి తెలిసిన ఆడపిల్లకు, వాళ్ల నాన్న ఫోన్ నుంచి ఆ పాట వస్తే ఎలా ఉంటుందో నాకు తట్టలేదు.

నిన్న గ్రూప్‌లో వెనక్కి వెనక్కి పోయి దాన్ని వెతికి పట్టుకున్నాను. అందరి ఫోన్లలోంచి తీసేద్దామంటే టైం దాటిపోయిందట, మన షాపు కుర్రాడు చెప్పాడు. నా ఫోన్‌లో మటుకు తీసేశాను.

దసరాకు వచ్చేటప్పుడు ఎపిసోడ్ కాయితాలు తీసుకురా, చదువుతాను. అతన్ని కూడా తీసుకురా. మీ అమ్మ అడుగుతోందని రాద్దామనుకున్నాను. కాదు, నేనే అడుగుతున్నాను.

మీ నాన్న