లాక్‌డౌన్‌లో మన కాలనీ కొనుగోళ్ళ నిధి: జమా ఖర్చుల వివరణ (ఏప్రిల్ నుంచి జూలై 2020 వరకు)

కాలనీలోని అన్ని ఇళ్ళవారికీ కమిటీ నమస్కారాలు.

సభ పెట్టి అందరి ముందూ లెక్క చదవాలనుకున్నాం. విజయవాడలో కరోనా కేసులు పెరుగుతున్న ఈ రోజుల్లో వంద మందిని ఒకచోట కూర్చోబెట్టడం మంచిది కాదు కాబట్టి రాసి పెడుతున్నాం. వాట్సాప్ గ్రూపులో కొన్నాళ్ళుగా నడుస్తున్న మాటలు మేమూ చదివాం. ముఖ్యంగా మంగళగిరి చేనేత బట్టకు డబ్బు ముందే ఎందుకిచ్చారు, అది ఎందుకు ఆలస్యమైంది, ధర ఎందుకు ఎక్కువ అని వచ్చినవి. అడిగే హక్కు డబ్బిచ్చిన ప్రతివారికీ ఉంది, జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది. అందుకే మిగతా పద్దులు క్లుప్తంగా రాసి, ఆ ఒక్కటీ వివరంగా రాస్తున్నాం.

ఈ నిధి ఎందుకు పెట్టామో కొత్తగా అద్దెకు వచ్చినవారికి తెలియకపోవచ్చు. మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక మనమంతా సరుకుల కోసం ఉదయం కొద్ది గంటల్లోనే పరుగులు పెట్టాం, సూపర్ మార్కెట్ల ముందు దూరం కోసం గీసిన గుండ్రాల్లో నిలబడ్డాం. అదే సమయంలో పొడులు, అప్పడాలు, పచ్చళ్ళు, సబ్బులు, ఫినాయిల్ తయారుచేసే చిన్న సంఘాలవాళ్ళు పక్క పేటల్లోనే సరుకు అమ్ముకునే దారి లేక కూర్చున్నారు. మంగళగిరి నేతపనివారిదీ అదే పరిస్థితి. ఎలాగూ మనం కొనేవే వాళ్ళ దగ్గర కొందాం, డబ్బు ముందుగా ఇద్దాం, సరుకు తయారయ్యాక తీసుకుందాం అని అనుకున్నాం. ఇంటికి 1,500 రూపాయలు. ఇది చందా కాదు, కొనుగోలుకు అడ్వాన్సు.

జమ

118 ఇళ్ళవారు ఇస్తామన్నారు. వారిలో 96 ఇళ్ళు పూర్తిగా చెల్లించాయి: 1,44,000. తొమ్మిది ఇళ్ళవారు కొంత చెల్లించారు: 6,500. మన కాలనీలో పెరిగి ఇప్పుడు బయట ఉంటున్న ఇద్దరు, ఒకరు అమెరికా నుంచి 10,000, ఒకరు హైదరాబాద్ నుంచి 5,000 పంపారు. వారు సరుకు ఏమీ తీసుకోలేదు, వారికి ప్రత్యేక కృతజ్ఞతలు. మొత్తం జమ 1,65,500 రూపాయలు.

రావలసింది 26,500. పదమూడు ఇళ్ళ నుంచి ఒక్క రూపాయి రాలేదు, తొమ్మిది ఇళ్ళ నుంచి 7,000 బకాయి ఉంది. జీతాలు ఆగినవాళ్ళు, షాపులు మూతపడినవాళ్ళు వీరిలో ఉన్నారు, వారి కష్టం మాకు తెలుసు. వారు వచ్చి ఒక్క మాట చెప్పి ఉంటే అప్పుడే పేరు తీసేసేవాళ్ళం. తలూపి ఊరుకోవడం వల్ల ఏమైందో కింద బట్ట లెక్కలో కనిపిస్తుంది. పేర్లు ఇక్కడ రాయడం లేదు.

ఖర్చు

కందిపొడి, కారప్పొడి, ధనియాల పొడి, అప్పడాలు: డ్వాక్రా మహిళల సంఘం నుంచి, పూర్తిగానో కొంతో చెల్లించిన 105 ఇళ్ళకు, ఇంటికి 300 చొప్పున 31,500.

ఆవకాయ: ఇంటికి కిలో, కిలో 240 చొప్పున 25,200. ఉప్పు ఎక్కువైందని నాలుగైదు ఇళ్ళవారు అన్నారు. ఇంటి పచ్చడికి ఒక్కొక్కరిది ఒక్కో చేయి. పప్పు నూనె, కొత్త కారం, నున్న మార్కెట్ కాయ వాడారు, రసీదులు ఉన్నాయి.

ఫినాయిల్, సబ్బులు: దివ్యాంగ యువత పనిచేసే కేంద్రం నుంచి, ఇంటికి 170 చొప్పున 17,850. దీని మీద ఫిర్యాదు ఒక్కటీ రాలేదు, మళ్ళీ కావాలని చాలామంది అడిగారు.

గుడ్డ మాస్కులు: 500, ఒక్కోటి 15 చొప్పున 7,500. ఇంటికి నాలుగు పోను, మిగిలిన 80 మన వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకు ఇచ్చాం. మనిషికి మూడు మాస్కులు ప్రభుత్వమే ఇస్తోంది కదా, మళ్ళీ ఎందుకని ఒకరు అడిగారు. రోజంతా చెత్త దగ్గర చెమటలో పనిచేసే మనిషికి మూడు సరిపోవు.

ఆటో బాడుగ 6,300. స్కూలు పిల్లలను తిప్పే ఆటో అతనికి మార్చి నుంచి పని లేదు, అందుకే అతన్నే పిలిచాం. శానిటైజర్, గ్లవ్స్, సంచులు, జిరాక్సులు కలిపి 2,450.

మంగళగిరి చేనేత బట్ట: ఇంటికి మూడు మీటర్ల లెక్కన 315 మీటర్లు, మీటరు 180 చొప్పున 56,700.

ఇప్పుడు ఈ పద్దు గురించి.

ఏప్రిల్ 27న మంగళగిరి చేనేత సంఘానికి 40,000 అడ్వాన్సు పంపాం. బట్ట చేతికి వచ్చింది జూలై 11న. మిగిలిన 16,700 ఆ రోజే చెల్లించాం. రెండున్నర నెలలు డబ్బు ఎక్కడుందన్నది మొదటి ప్రశ్న. అది నూలులో, రంగుల్లో, కూలీలో ఉంది. నూలుకు 17,500, రంగులకు 4,000, నేత కూలీకీ కండెలు చుట్టే ఆడవాళ్ళకూ కలిపి 18,500. సంఘం రిజిస్టరు పేజీల జిరాక్సు మా దగ్గర ఉంది.

అడ్వాన్సు లేకుండా నేయించలేరా అంటే, లేరు. మామూలు రోజుల్లో నూలు అరువు మీద వస్తుంది. లాక్‌డౌన్‌లో ఎవరూ అరువు ఇవ్వలేదు, చేతిలో డబ్బు పెడితేనే నూలు చిలపలు ఇచ్చారు. ఏప్రిల్‌లో ఆ సంఘానికి నేసే షెడ్డులో మగ్గాలు ఖాళీగా ఉన్నాయి. నేసేవాళ్ళకు నెల జీతం ఉండదు, నేసిన మీటరుకే కూలి.

సంఘంలో అమ్ముడుపోని చీరలు గుట్టలుగా ఉన్నాయిగా, అవే కొంటే ఆలస్యం ఉండేది కాదు కదా అని రెండో లైను మాస్టారు అడిగారు. చాలా మంచి ప్రశ్న, మేమూ దీని మీద ఒక సాయంత్రమంతా ఫోన్లో మాట్లాడుకున్నాం. చీర వెయ్యి రూపాయల పైమాటే, మన 1,500లో అది ఇమడదు. అసలు కారణం అది కూడా కాదు. పాత నిల్వ అమ్మితే వచ్చే డబ్బు ముందు సంఘం బ్యాంకు అప్పుకు జమ అవుతుంది. మగ్గం మీదికి కొత్త పడుగు (నిలువు దారాలు) ఎక్కితేనే నేసే మనిషికి ఆ వారం కూలి అందుతుంది. మన డబ్బు వెళ్ళాల్సింది అక్కడికే అని నిర్ణయించాం.

ప్రభుత్వం నేతన్న నేస్తం పథకం కింద చేనేత కుటుంబానికి ఏడాదికి 24,000 ఇస్తోంది కదా అని ఇంకొకరు రాశారు. నిజమే, జూన్ 20న రెండో విడత కూడా పడింది. అయితే అది సొంత మగ్గం ఉన్నవారికి. షెడ్డులో వేరేవాళ్ళ మగ్గం మీద నేసేవారికి రాదు. మన ఆర్డరు షెడ్డులో నేసేవారికే ఇవ్వమని మేమే పట్టుబట్టి అడిగాం.

ఇక ఆలస్యం. మంగళగిరి మనకు పక్కనే, కానీ కృష్ణా నది మీది వారధి దాటితే గుంటూరు జిల్లా. ఆ రోజుల్లో పాసు లేకుండా జిల్లా దాటనివ్వలేదు. నూలు ఆలస్యంగా చేరింది, రంగులు అద్దేచోట పని మే నెలంతా అంతంత మాత్రం. మే 21న బస్సులు మొదలయ్యాక ఇక వచ్చేస్తుందనుకున్నాం. జూన్‌లో నేతపనివారు ఉండే వీధిని కంటైన్మెంట్ జోన్ చేశారు, షెడ్డుకు రావడమే కుదరలేదు. ఆ పైన వానలు. నేలలో గుంట తవ్వి అమర్చే గుంట మగ్గంలో చెమ్మ ఊరితే కాళ్ళు పెట్టుకుని కూర్చోలేరు, పడుగు కూడా బిగుతు తప్పుతుంది. వీటిలో ఏదీ మా చేతిలో లేదు, వాళ్ళ చేతిలోనూ లేదు. డబ్బు వెనక్కి అడగమని మాకు సలహా ఇచ్చినవాళ్ళున్నారు. నూలు కొనేసి, పడుగు పోసేశాక ఎవరిని అడగాలి? కూలి తీసుకుని బియ్యం తెచ్చుకున్న మనిషినా?

ధర గురించి. అలాంటి బట్టే వన్‌టౌన్‌లో 120కి దొరుకుతుందన్నారు. అక్కడ దొరికేది మరమగ్గం బట్ట. అంచు చూస్తే మంగళగిరి బట్టకుండే నిజాం బోర్డరులాగే ఉంటుంది, నేసింది యంత్రం. ఆ ధరకు చేత్తో నేసిన బట్ట ఇవ్వమంటే నేసినవాడి కూలి కోయాలి, ఇంత కష్టకాలంలో ఆ బేరం చేయడానికి మాకు మనసొప్పలేదు. తిండికి ఇబ్బంది పడే రోజుల్లో బట్టలెందుకు అన్న మాటకు ఒకటే చెబుతాం: మన ఇళ్ళలో బియ్యానికి లోటు రాలేదు. దసరాకు ఎలాగూ కొనే బట్టకు ఏప్రిల్‌లో డబ్బిచ్చాం, అంతే. కమిటీ సభ్యులకు ఆ సంఘంలో బంధువులు ఎవరూ లేరు. మన కాలనీలో బట్టలు కుట్టే అక్క ద్వారా పరిచయం. ఆవిడ కమిషన్ తీసుకోలేదు. ఆవిడ గురించి గ్రూపులో రాసిన మాటలు మాకు చాలా బాధ కలిగించాయి, రాసినవారు దయచేసి తీసేయండి.

రంగు దిగుతోందని చెప్పినవారికి: మొదటిసారి విడిగా ఉతకండి, నీడలో ఆరేయండి. తర్వాత కూడా దిగితే మూడు మీటర్లూ తిరిగి ఇవ్వండి, మార్చి ఇస్తామని సంఘం మాట ఇచ్చింది.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. 118 ఇళ్ళ లెక్కన మనం ఆర్డరు ఇచ్చింది 354 మీటర్లకు. పదమూడు ఇళ్ళ డబ్బు రాక జూన్‌లో దాన్ని 315కి తగ్గించమన్నాం. అప్పటికే పడుగు పోసి ఉంది. మిగతా 39 మీటర్లు కూడా నేసేశారు, ఆ బట్ట సంఘం దగ్గరే ఉంది. మనం ఇచ్చిన మాట మీద నేసిన బట్ట అది. వాళ్ళు ఇంతవరకూ ఒత్తిడి చేయలేదు, అడగకపోయినా అది మనం తీసుకోవాల్సిందే.

నిల్వ

మొత్తం ఖర్చు 1,47,500. చేతిలో ఉన్నది 18,000, కోశాధికారి గారి పేరు మీద కాక, కాలనీ ఖాతాలోనే ఉంది. ఇందులో 7,020 పెట్టి ఆ 39 మీటర్లు తెప్పించాలని కమిటీలో ఆరుగురిలో ఐదుగురు అన్నారు. ఒకరు బకాయిలు వచ్చేదాకా ఆగుదామన్నారు, వారి అభిప్రాయం కూడా రాసి ఉంచాం. మీ అభ్యంతరాలు జూలై 26 లోపు చెప్పండి. అది పోను మిగిలే 10,980తో మళ్ళీ ఫినాయిల్, సబ్బుల ఆర్డరు ఇస్తాం.

బకాయి ఉన్నవారు జాతీయ చేనేత దినోత్సవం ఆగస్టు 7 లోపు చెల్లించాలని కోరుతున్నాం. పదమూడు ఇళ్ళవారు 1,500 కట్టలేకపోతే బట్ట వరకే, మూడు మీటర్లకు 540 ఇచ్చి తీసుకోవచ్చు. అదీ కుదరనివారు ఒక ఫోన్ చేస్తే చాలు, పేరు తీసేస్తాం, ఎవరికీ చెప్పం.

రసీదులు, రిజిస్టరు జిరాక్సులు, ఫోన్‌పే చెల్లింపుల ప్రింట్లు ఒక ఫైలులో పెట్టి అసోసియేషన్ గదిలో ఉంచాం. రోజూ సాయంత్రం 5 నుంచి 6 వరకు ఒక్కొక్కరుగా, మాస్కు పెట్టుకుని వచ్చి చూడవచ్చు. పెద్దవాళ్ళు రానక్కర్లేదు, అడిగితే ఫోటోలు తీసి పంపిస్తాం.

ఇట్లు,
కమిటీ సభ్యులు
విజయవాడ, జూలై 19, 2020